గోడ మీద కత్తెర బొమ్మ

మా వదినకు గోడలంటే పిచ్చి. నాకూ గోడలే అన్నం పెడతాయి, రంగుల దుకాణంలో పని చేస్తాను కనుక. అయితే నా లెక్కలో గోడ అంటే రంగు వేయవలసిన చోటు. ఆవిడ లెక్కలో రంగు వెలిసి, పెచ్చులూడి, చెమ్మ పట్టినదే గోడ. ఈ రెండు మతాలూ పదేళ్లు ఒకే ఇంట్లో కొట్టుకోకుండా ఉన్నాయంటే అది మా అమ్మ చలవ. ఇద్దరిలో ఎవరు నోరెత్తినా ఆవిడ నోరు ముందు లేచేది.

వదిన ఉద్యోగం ఫొటో స్టూడియోలో. కౌంటరు వెనక కిటికీ లేని గదిలో కూర్చుని జనం మొహాలు దిద్దుతుంది. మొటిమలు, మచ్చలు, కళ్ల కింద నలుపు, నుదుటి మీద ముడతలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తీసేస్తూనే ఉంటుంది. ఇంటికి వచ్చి, టీ తాగి, తన కంప్యూటర్ ముందు కూర్చుని, సరిగ్గా అవన్నీ గోడలకు పెడుతుంది. పగులు, మరక, నాచు, తుప్పు కారిన చార. పగలు చేసిన పాపం సాయంత్రం కడుక్కుంటున్నావా అని అడిగితే, "మొహాలవాళ్లు డబ్బులిస్తారు. గోడలు నిజం చెప్తాయి" అంది. ఇలాంటి మాటలు విన్నప్పుడే మా అన్నయ్య మెల్లగా లేచి అవతలికి పోతుంటాడు.

సంగతేమిటంటే, పాతికేళ్ల నాటి వీడియో గేమ్ ఒకటి ఉంది. లాంతరు, తాళాల గుత్తి పట్టుకుని ఓడరేవు పట్నంలో తిరుగుతూ తలుపులు తీసుకుంటూ పోవాలి. మేం దాన్ని తాళాల ఆట అనేవాళ్లం. అన్నయ్య పెళ్లికి ముందు తలుపుల కోసం ఆడేవాడు. వదిన కాపురానికి వచ్చి గోడల కోసం ఆడింది. అప్పటి కంప్యూటర్లకు ఓపిక తక్కువ. అందుకని తపాలా బిళ్లంత బొమ్మ ఒకటి గీసి, దాన్నే పక్కపక్కన పేర్చి గోడంతా నింపేవారు. అప్పుడది గోడలాగే కనిపించేది. ఇప్పటి పెద్ద తెరల మీద బురదలా కనిపిస్తుంది. చేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో మరిచిపోయింది. మరిచిపోలేనివాళ్లు మాత్రం దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లలో నలుగురు కూడి, ఆ బిళ్లలన్నిటినీ పెద్దగా, స్పష్టంగా కొత్తగా తయారు చేసి, కావలసినవాళ్లకు ఊరికే ఇవ్వాలని కూర్చున్నారు. దాన్ని టెక్స్చర్ ప్యాక్ అంటారు. ఒకరు నేలలు, ఒకరు నీళ్లు, ఒకరు తలుపులు. గోడలు మా వదినవి. ఈ నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. వాళ్ల పెద్ద తన ఫొటో బదులు లాంతరు బొమ్మ పెట్టుకుంటాడు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు లాంతరాయన.

"అంటే గోరంతను కొండంత చేస్తున్నారన్నమాట" అన్నాను.

"కొండంత చెయ్యడానికేం, ఎవరైనా చేస్తారు. గోరంతలో ఏముందో కొండంతలోనూ అదే ఉండాలి. అక్కడ చస్తున్నాం."

"ఇప్పుడు మిషనుకిస్తే క్షణంలో పెద్దది చేసి పెడుతుందటగా?"

ఆవిడ మిషను చేసిన గోడ తెచ్చి చూపించింది. ఇటుకలు కరిగిన కొవ్వొత్తుల్లా ఉన్నాయి. చెక్కలో దిగిన మేకు కన్నులా మారి నన్నే చూస్తోంది. అప్పటి నుంచి ఆ సలహా మళ్లీ ఇవ్వలేదు.

ఆవిడ పద్ధతి వేరు. నిజం గోడ వెతికి పట్టుకోవాలి. మబ్బు పట్టిన రోజునే ఫొటో తీయాలి, ఎండ ఉంటే నీడ పడుతుంది. పక్కనే అడుగు బద్ద నిలబెట్టాలి, లేకపోతే ఆటలో ఇటుక తలుపంత అయి కూర్చుంటుంది. తీసినదాన్ని నాలుగు అంచులూ అతుకు తెలియకుండా కలపాలి. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. గుర్తుండిపోయే మరక ఒక్కటి కూడా ఉండకూడదు. ఎందుకంటే అదే బిళ్ల నలభైసార్లు పరుచుకుంటుంది, అదే మరక నలభైసార్లు పలకరిస్తుంది. చూసినవాడు గోడను మరిచిపోవాలి. అప్పుడే అది మంచి గోడ.

ఈ నియమాలతో మేం పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. చుట్టాల పెళ్లికి వెళ్లి ఆవిడ తీసిన ఫొటోలు తెరిస్తే పదహారింటిలోనూ వెనక గోడే ఉంది. పెళ్లికొడుకు సగం ఉన్నది ఒకే ఒక్కటి, అదీ అడ్డం వచ్చాడు కనుక. ఒకసారి పరామర్శకు వెళ్లాం. ఇంటావిడ కళ్లు తుడుచుకుంటుంటే మా వదిన ఆవిడ భుజం మీదుగా చూస్తూ, "ఆ చెమ్మ ఎన్నేళ్లుగా ఉందండీ?" అని అడిగింది. నేను బయటికి వచ్చి చెప్పులేసుకున్నాను.

ఇంక మా హాలు గోడ సంగతి. పాత సున్నపు గోడ అది. ఫోన్ బల్ల పక్కన, కూర్చుంటే చేయి అందే ఎత్తులో, మా అమ్మ నంబర్లన్నీ దాని మీదే ఉండేవి. అమ్మ ఇరవై రెండేళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. కట్టల మీద సైజు నంబర్లు చూసి చూసి అంకెలు వచ్చాయి, అక్షరాలు రాలేదు. అందుకని ప్రతి నంబరు పక్కనా ఒక బొమ్మ వేసేది. పళ్ల డాక్టరుకు పన్ను. గ్యాస్‌కు బండ. మా మామయ్యకు మీసం. కొళాయి బాగుచేసేవాడికి కొళాయి, కారుతున్న చుక్కతో సహా. పెన్సిలు పట్టుకుందంటే గోడలో దిగేలా నొక్కి రాసేది. ఒక్క నంబరూ నోటికి రాదు. "గోడ ఉండగా బుర్రెందుకురా" అనేది.

గోడకు రంగు వేద్దామని ఏటా అడిగేవాణ్ణి. వదిన ఒప్పుకునేది కాదు. ఆటలో రేవు కచేరీ అని ఒక ఆఫీసుంది, దాని గోడకు మా హాలు గోడే సరిపోతుందట. "నా పని అయ్యేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోకండి" అని తీర్మానించింది. చివరికి ఒక మబ్బు మధ్యాహ్నం అడుగు బద్ద నిలబెట్టి ఫొటోలు తీసింది. అమ్మ కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

"నా నంబర్లు చెరిపావంటే ఊరుకోనే."

"మీ గోడ జోలికి రాను అత్తయ్యా. కంప్యూటర్లో మాత్రం తీసేస్తాను."

అన్నట్టే తీసేసింది. పన్ను, బండ, మీసం, అంకెలు అన్నీ నాలుగు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ తుడిచింది. గోడ కడిగిన ముత్యంలా కాదు, కడగని గోడలా వచ్చింది. ఆవిడకు కావలసింది అదే. తర్వాత అసలు ఫొటోలు పారేసింది. అది స్టూడియో అలవాటు. దిద్దిన మొహం చేతికిచ్చాక పాత మొహం ఉంచకూడదని వాళ్ల ఓనరు రూలు. ఎవరైనా చూస్తే పరువు పోతుంది కదా.

ఏడేళ్లకు ప్యాక్ పూర్తయి జనంలోకి వెళ్లింది. వదిన రెండు రోజులు సెలవు పెట్టి మరీ జనం ఏమంటారోనని తెర ముందు కూర్చుంది. వచ్చిన మొదటి మాట: "ఇందులో ఏం మార్చారు? నాకు గుర్తున్నట్టే ఉంది." రెండోది కూడా అదే. మూడోవాడు నీళ్లు బాగున్నాయన్నాడు. గోడల ఊసు ఎవరూ ఎత్తలేదు. లాంతరాయన మాత్రం అభినందనలు పంపాడు, ఇంతకంటే గొప్ప మెప్పు ఉండదట. ఏడేళ్లు చాకిరీ చేసి ఏమీ చేయనట్టు కనిపించడమే విజయమైతే, మా దుకాణంలో అలాంటి విజేతలు ముగ్గురున్నారు. ఆ మాట అంటే వదిన నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. ఎవరో ఒకరు ఒక్క గోడ పేరైనా ఎత్తుతారని ఆవిడ ఆశపడిందని నాకు తెలుసు.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. ఆవిడ పని అయిపోయింది కదా, గోడకు శాపవిమోచనం అయిందనుకున్నాను. అన్నయ్య అమ్మనూ వదిననూ తీసుకుని రెండు రోజులు చుట్టాలింటికి వెళ్లాడు. నేను రెండు డబ్బాల వెన్న రంగు తెచ్చాను. గోడంతా గీకి, రెండు కోట్లు పుట్టీ పట్టించి, అద్దంలా రుద్ది, రంగు వేశాను. మంచి పనివాణ్ణి కావడమే నా కొంప ముంచింది. నాసిరకంగా పూసి ఉంటే కింద గీతలు కనిపించేవి.

అలాగని బుద్ధి లేకుండా ఏం చేయలేదు. గీకే ముందు నంబర్లన్నీ సెల్‌ఫోన్‌లోకి ఎక్కించాను. పన్ను, బండ, మీసం, కొళాయి అన్నీ. కింద మూలన ఒక కత్తెర బొమ్మ ఉంది. కత్తెర అంటే దర్జీ అనుకున్నాను. ఆ దర్జీ కొట్టు మూసేసి మూడేళ్లయింది. చచ్చిన నంబరెందుకని వదిలేశాను.

అమ్మ వచ్చి గోడ చూసింది. అరచేత్తో తడిమింది. "బాగుందిరా, నున్నగా ఉంది" అంది. నేను ఉప్పొంగిపోయి సెల్‌ఫోన్ తీసి నంబర్లన్నీ వరసగా చదివాను.

"కత్తెర ఏదిరా?"

"ఆ దర్జీ కొట్టు ఎప్పుడో మూసేశాడు కదమ్మా."

అమ్మ వెళ్లి కుర్చీలో కూర్చుంది. వదిన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"అది దర్జీ కాదయ్యా, రంగుల మహారాజా. అత్తయ్య పక్క మిషనావిడ."

ఆవిడ గురించి నాకు తెలుసు. ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు అమ్మ పక్క మిషను మీద కుట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక వేరే ఊళ్లో కూతురింటికి చేరింది. నెలలో మొదటి ఆదివారం పది గంటలకు అమ్మ ఆవిడకు ఫోన్ చేస్తుందనీ, అమ్మ పగలబడి నవ్వేది ఆ ఒక్క గంటేననీ తెలియదు. ఆదివారం మా దుకాణానికి సెలవుండదు. ఏనాడూ చూడలేదు.

ఆవిడే చేస్తుందిలే అన్నాను. చేయదు. చూపు బాగా తగ్గింది, మోగితే ఎత్తుతుంది గానీ నొక్కలేదు. కూతురు పగలు పనికి పోతుంది, మా నంబరు రాసి పెట్టుకున్నవాళ్లు అక్కడ లేరు. ఇంటి అడ్రసు? "ఫోను ఉండగా అడ్రసెందుకు" అంది అమ్మ. టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లాను. ఫోన్ ఎవరి పేరు మీద ఉందో చెప్పమన్నారు. కూతురి మొగుడి పేరు మీద. పేరేంటంటే అమ్మకు తెలిసింది "అల్లుడు" అన్నంత వరకే. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లాను. అక్కడిప్పుడు కార్లు కడుగుతున్నారు.

ఆఖరి ఆశ వదిన ఫొటోలు. ఆవిడ కంప్యూటరంతా గాలించింది. తుడిచిన గోడ ఉంది, తుడవని గోడ లేదు. "ఒక్కటి ఉంచుకుంటే ఏం పోయేది? మొహాలు చెరిపీ చెరిపీ చేతికి అదే జబ్బు పట్టింది" అని తనను తాను తిట్టుకుంది. తప్పు నాదైతే తిట్లు ఆవిడ తింటోంది. మొదటి ఆదివారం వచ్చింది. పది గంటలకు అమ్మ ఫోన్ పక్కన కూర్చుని, కాసేపు నా వెన్న రంగు గోడ చూసి, లేచి వెళ్లిందని వదిన చెప్పింది. మరుసటి నెలా అంతే. అమ్మ నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు అన్నం సయించేది. తిట్టలేదు.

రెండో ఆదివారం గడిచిన వారానికి లాంతరాయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రేవు కచేరీ గోడలో తప్పు దొరికిందట, వెంటనే దిద్దమన్నాడు. వదిన మొహం మాడిపోయింది. ఏడేళ్లలో ఆవిడ గోడల్లో తప్పన్నవాడు లేడు. మెచ్చుకోవడానికి ఒక్కడూ రాలేదు గానీ, ఆ తప్పు చుట్టూ మాత్రం తిరనాళ్ల జనం మూగి ఉన్నారు.

ఏం జరిగిందంటే, ఆటలో ప్రతి గోడకూ రెండు బొమ్మలుంటాయి. ఒకటి రంగుది. రెండోది గరుకుది. గోడ ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అని వెలుతురుకు చెప్పేది ఆ రెండోదే. ఫొటోలో నల్లగా ఉన్న చోటల్లా పల్లం అనుకుని కంప్యూటరే దాన్ని తయారు చేస్తుంది. వదిన రంగు బొమ్మను నాలుగు రోజులు తుడిచింది. గరుకు బొమ్మను మాత్రం తుడవకముందే చేసుకుని, ఆ సంగతి మరిచిపోయింది. పరీక్షించినప్పుడల్లా పట్టపగటి వెలుగులో చూసింది, ఏమీ కనిపించలేదు. ఒక ఆటగాడు లాంతరును గోడకు ఆనించి పక్క నుంచి చూశాడు. సున్నంలో చెక్కినట్టు అంకెలు లేచాయి. పక్కన ఒక పన్ను.

ఇంకేముంది! తాళాల ఆటలో గోడ మీద అంకెలు. పాతికేళ్లుగా దాగిన రహస్యం బయటపడిందని పండితులు బయల్దేరారు. పన్ను అంటే సముద్ర భూతం కోర. బండ అంటే మందుగుండు పీపా. మీసం రేవు అధికారిదనీ, కత్తెర అతణ్ణి చంపిన ఆయుధమనీ ఒకడు నలభై పేజీలు రాశాడు. మా మామయ్య నంబరును పట్నంలో ఉన్న ప్రతి తాళానికీ పెట్టి చూసినవాళ్లున్నారు. కారుతున్న కొళాయి మీద రెండు వర్గాలుగా చీలిపోయి, మాటలు మానేశారు.

ఇదంతా చదివి వినిపిస్తూ వదిన సిగ్గుతో సగమైంది. నేను నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నాను. అప్పుడు ఇద్దరికీ ఒక్కసారే వెలిగింది.

"కత్తెర!" అని అరిచింది వదిన.

గరుకు బొమ్మ తెరిచింది. దాన్ని మూడు బిళ్లలుగా కోసి వాడింది కాబట్టి ముక్కలు పక్కపక్కన పెట్టి అడుగు బద్ద కొలతల ప్రకారం అతికింది. ఆ బద్దను నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో చెప్పను. పన్ను వచ్చింది, మీసం వచ్చింది, కింద మూలన కత్తెర వచ్చింది. నంబరు వచ్చింది. చివరి అంకె రాలేదు. అది సరిగ్గా బిళ్ల అంచున పడింది. అతుకు తెలియకుండా ఉండాలని అక్కడ వదిన తన పనితనమంతా చూపించింది.

"కొంచెం నాసిగా చేసి ఉండాల్సింది" అంది నీరసంగా.

"నువ్వూనా?" అన్నాను. మా ఇద్దరికీ పదేళ్లలో మొదటిసారి ఒకే మాట మీద ఏకాభిప్రాయం కుదిరింది.

ఆవిడ తప్పు దిద్ది కొత్త గోడ లాంతరాయనకు పంపింది. రహస్యం తెలిసిపోతోందని భయపడి చెరిపేశారంటూ పండితులు మరో గొడవ లేవదీశారు. మేం పట్టించుకోలేదు. మొదటి ఆదివారం దాకా కూడా ఆగలేదు. ఆ వచ్చిన ఆదివారమే నేను దుకాణానికి సెలవు పెట్టాను. పది గంటలకు అమ్మ ఫోన్ ముందు కూర్చుంది. చివరి అంకె సున్నాతో మొదలుపెట్టింది.

సున్నా ఒక గోదాము. ఒకటి మోగి మోగి ఆగిపోయింది. రెండులో ఒకాయన రాంగ్ నంబర్ అన్నాడు, అయినా అమ్మ ఆయన మోకాళ్ల నొప్పుల గురించి ఐదు నిమిషాలు మాట్లాడింది. మూడులో పసిపిల్ల ఎత్తి ఊపిరి వినిపించింది. నాలుగు లేని నంబరు. ఐదులో తిట్టారు. ఆరులో ఎవరో అప్పుడే నిద్ర లేచారు. ఒక్కోదాని తర్వాత అమ్మ వేలు ఇంకాస్త మెల్లగా కదిలింది. నేను గోడ వైపు చూడలేకపోయాను. ఒకటో నంబరు ఆవిడదే అయి, ఎత్తడానికి అక్కడ మనిషి లేకపోతే? ఆ భయం ముగ్గురికీ ఉంది.

ఏడు. నాలుగుసార్లు మోగింది.

"ఎవరూ?"

మిషన్ల హోరులో ఇరవై రెండేళ్లు అరిచి మాట్లాడుకున్న గొంతులు అవి. రిసీవరు అమ్మ చెవి దగ్గరున్నా నాకు స్పష్టంగా వినబడింది. "నేనేనే" అంది అమ్మ.

"నువ్వేనా? ఏమే, రెండు ఆదివారాలు ఎగ్గొట్టావ్! పోయావనుకున్నానే ముండా!"

"గోడకి రంగేశాడే మావాడు."

"ఏం రంగు?"

"వెన్న రంగు."

"నీ మొహానికి అదొక్కటే తక్కువ."

అమ్మ నవ్వింది. అలా నవ్వగలదని నాకు ఈ వయసు వచ్చేదాకా తెలియకపోవడం నా ఖర్మ. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు ఒత్తుకుని, రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, నా వైపు చేయి చాపింది. ఏం కావాలో నాకంటే ముందు వదినకు తెలిసింది. పెన్సిలు తెచ్చి ఇచ్చింది.

అమ్మ నా వెన్న రంగు మీద మొదటి అంకె వేసింది. తర్వాత రెండోది. చివర ఏడు వేసి, పక్కన కత్తెర మొదలుపెట్టింది. రెండు కోట్ల పుట్టీ పొడిపొడిగా రాలి నేల మీద పడుతోంది. వదిన అప్పటికే అడుగు బద్ద తెచ్చి గోడకు ఆనించి పట్టుకుంది, ఈసారి తీసిన ఫొటో చెరపనని ఒట్టు పెట్టుకుంటూ.

"ఇంకా గట్టిగా నొక్కమ్మా" అన్నాను.